చుక్కల పుస్తకం, ఆరు తీగలు

ఆ పుస్తకాన్ని మొదటిసారి తిరగేసినప్పుడు మా అమ్మ దాన్ని ముగ్గుల పుస్తకం అనుకుంది. అనుకోవడంలో తప్పేమీ లేదు. పేజీ నిండా చిన్న చిన్న గళ్లు, గళ్లలో చుక్కలు. కొన్నిచోట్ల చుక్కలకు బదులు ఇంటూ గుర్తులు, చతురస్రాలు, త్రిభుజాలు. నాలుగు పేజీలు చూసి, ‘ఇవేం ముగ్గుల్రా, చుక్కలు పెట్టి ఒక్కటీ కలపలేదు?’ అంది. ఆ తర్వాత నలభై ఏళ్లలో గిటార్ కార్డ్ పుస్తకాల మీద చాలా సమీక్షలు చదివాను. ఇంతకంటే సూటైన విమర్శ కనిపించలేదు.

1986లో జంషెడ్‌పూర్ ఇంకా బీహార్‌లోనే ఉంది, టాటా స్టీల్‌ను అందరూ టిస్కో అనేవారు. పుస్తకం పేరు ‘కార్డ్ కెమిస్ట్రీ’. రాసినవాడు లాస్ ఏంజెలెస్‌లో గిటార్ పాఠాలు చెప్పుకునే టెడ్ గ్రీన్. అచ్చయింది 1971లో. నాకు దొరికింది మాత్రం అచ్చు ప్రతి కాదు, కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో కొన్న జిరాక్స్. పొద్దున్నే స్టీల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కలకత్తాలో పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరవచ్చు. ఊరంతా ఉక్కే అయినా గిటార్ తీగలు తెగితే నేను ఆ రైలే ఎక్కేవాణ్ణి.

జంషెడ్‌పూర్‌కు సంగీతం కొత్త కాదు. 1912లో అక్కడ తొలి ఉక్కు దిమ్మ పోతపోసిన నాటి నుంచీ పనికోసం వచ్చినవాళ్లు తమ పాటను కూడా మూటగట్టుకునే వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్లు బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకుని భజనలు మొదలుపెట్టారు. బెంగాలీ ఇళ్లలో రవీంద్ర సంగీతం. వాళ్లలో కొందరు దాన్ని ఒళ్లో పడుకోబెట్టి వాయించే హవాయిన్ గిటార్ మీద పలికించేవారు. ఆదివాసీ బస్తీల్లో పండగొస్తే తెల్లవార్లూ మాందర్ మోత. ఇన్ని సంగీతాలున్న ఊళ్లో ఒక్క స్వరం కింద ఇంకో రెండు స్వరాలు పేర్చి ఎందుకు వాయిస్తారో చెప్పే మనిషి మాత్రం నాకు దొరకలేదు. దొరికింది పుస్తకం.

దాన్ని కూడా నేను చదివిన పద్ధతి వేరు. నాన్న ప్లాంటులో షిఫ్టు మనిషి. ఏ, బీ, సీ మూడు షిఫ్టులు. సీ షిఫ్టు వారం అంటే రాత్రి పదికి వెళ్లి పొద్దున్న ఆరు దాటాక వస్తారు, పగలు పడుకుంటారు. ఆ వారం రెండు గదుల క్వార్టర్‌లో గిన్నె చప్పుడైనా నేరమే. అందుకని తీగలు మీటకుండా, ఎడమచేతి వేళ్లతో గళ్లలోని చుక్కల్ని ఒత్తిపడుతూ కూర్చునేవాణ్ణి. ఒక పేజీ అయ్యాక ఇంకో పేజీ. ఏడాది తిరిగేసరికి నా చేతికి మూడు నాలుగు వందల కార్డ్‌లు వచ్చాయి. చెవికి పదో పన్నెండో వచ్చి ఉంటాయి. హార్మనీని మౌనంగా నేర్చుకున్నవాణ్ణి నేను.

సంగీతం కొద్దిగా తెలిసిన తెలుగువాడికి కార్డ్ అంటే ఏమిటో చెప్పడం కష్టమేమీ కాదు. ధీర శంకరాభరణం తీసుకోండి. పాశ్చాత్యుల మేజర్ స్కేలు అదే. ఒక స్వరాన్ని పట్టుకుని, పక్కదాన్ని వదిలి ఆ పైదాన్ని, మళ్లీ ఒకటి వదిలి ఇంకోదాన్ని కలిపి ఒకేసారి మోగిస్తే అదే కార్డ్. స-గ-ప ఒకటి. రి-మ-ధ ఇంకొకటి. గ-ప-ని, మ-ధ-స, ప-ని-రి, ధ-స-గ, ని-రి-మ. ఏడు స్వరాలకు ఏడు. వీటిలో స, మ, ప మీద కట్టినవి మేజర్. అక్కడ కింది రెండు స్వరాల మధ్య దూరం నాలుగు అర మెట్లు. రి, గ, ధ మీద కట్టినవి మైనర్, ఆ దూరం మూడే. నిషాదం మీదిది మాత్రం కుంటిది, దానికి శుద్ధమైన పంచమం దొరకదు. పాశ్చాత్య హార్మనీ మొదటి పాఠం ఇంతే.

మనకు ఇది పరాయిదేమీ కాదనడానికి తంబురా చాలు. శ్రుతి బాగా కుదిరిన తంబురా వింటూ కూర్చుంటే ఎవరూ మీటని అంతర గాంధారం దానంతటదే వినిపిస్తుంది. స్వయంభూ గాంధారం అంటారు. షడ్జం, పంచమం మనం మీటినవి, గాంధారం తీగలోంచి పుట్టింది. స, గ, ప మూడూ అక్కడే ఉన్నాయి. అయినా ఆ మూడింటినీ కదిలించాలని మన పెద్దలకు తోచలేదు. ముత్తుస్వామి దీక్షితార్ (1775-1835) తెల్లవాళ్ల బ్యాండు మెట్లు విని శంకరాభరణంలో నలభై వరకూ నొట్టు సాహిత్యాలు రాశారు, తమ్ముడు బాలుస్వామి ఫిడేలును కచేరీలోకి తెచ్చారు. మెట్టు తీసుకున్నారు, వాద్యం తీసుకున్నారు. కింద పేర్చే స్వరాల్ని మాత్రం అక్కడే వదిలేశారు. అది తెలియనితనం కాదనీ, ఎంపిక అనీ నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి ఎలా వచ్చానో తర్వాత చెబుతాను.

గిటార్ దగ్గర కథ ముదురుతుంది. హార్మోనియం మీద ఒక స్వరానికి ఒకటే చోటు. గిటార్‌లో అలా కాదు. అన్నిటికంటే కింది సన్నతీగను ఊరికే మీటితే వచ్చే స్వరమే రెండో తీగ మీద అయిదో ఫ్రెట్‌లో ఉంటుంది, మూడో తీగ మీద తొమ్మిదిలో, నాలుగో తీగ మీద పధ్నాలుగులో, మెడ అంతవరకూ ఉంటే అయిదో తీగ మీద పంతొమ్మిదిలో. ఒకే మనిషికి అయిదు చిరునామాలు. మరి నాలుగు స్వరాల కార్డ్‌కు ఎన్ని? స-గ-ప-ని అనే నాలుగింటిని ఆ వరసలోనే దగ్గరగా పట్టాలంటే వేళ్లు చీలిపోతాయి. అందుకని లోపలున్న ఒక స్వరాన్ని ఒక స్థాయి పైకి ఎత్తి, స-ప-ని-గ అని పరుస్తారు. అప్పుడు అయిదో తీగ మూడో ఫ్రెట్, నాలుగో తీగ అయిదు, మూడో తీగ నాలుగు, రెండో తీగ అయిదు. చెయ్యి హాయిగా కూర్చుంటుంది. ఇలా అవే స్వరాల్ని వేరే వరసలో, వేరే తీగల మీద పరవడాన్ని వాయిసింగ్ అంటారు. అన్నం, పప్పు, కూర, పెరుగు అవే. విస్తట్లో ఏది ఎక్కడ వడ్డించారన్నదే తేడా. అయితే విస్తరి దగ్గర పట్టింపు ఉన్నట్టే ఇక్కడా ఉంటుంది.

ఈ పుస్తకాలు రాసిన మనుషులు కూడా చిత్రమైనవాళ్లే. న్యూయార్క్‌లో స్టూడియోల్లో వాయించే మికీ బేకర్ 1955లో ఒక పలచని పుస్తకం తెచ్చాడు. మొదటి పాఠంలోనే కొన్ని కార్డ్‌లు వేసి బట్టీ పట్టమంటాడు. ఎందుకని అడగనివ్వడు. మేస్త్రీ దగ్గర పని నేర్చుకోవడంలాంటిది. బోస్టన్‌లోని బర్క్‌లీ కాలేజీలో పాఠం చెప్పిన విలియం లెవిట్ 1966లో మొదలుపెట్టిన పుస్తకాలు మూడు సంపుటాలు. గళ్ల బొమ్మల మీద ఆధారపడకుండా స్వరలిపి చదవాల్సిందే అంటాడు. పంతులుగారు. టెడ్ గ్రీన్ ఈ రెండు రకాలూ కాదు. ఆయన పిచ్చివాడు. ఒక కార్డ్ చెప్పమంటే దాని బంధువులందర్నీ పిలుచుకొస్తాడు. ఒకే గడిలో ముందు చుక్కలు మోగించు, తర్వాత ఇంటూ గుర్తుకు జరుగు, ఆ తర్వాత చతురస్రానికి జరుగు అంటాడు. అమ్మకు కలపని ముగ్గులా కనిపించింది ఆ జరుగుడే. 2005లో చనిపోయేనాటికి ఆయన వాయించి వదిలిన సోలో ఆల్బం ఒక్కటే, 1977లో వచ్చింది. మిగతా జీవితమంతా పాఠాలకే పోయింది.

ఆ జరగడమే హార్మనీలో అసలు రుచి అని పుస్తకంలోనే మొదట తెలిసింది. శంకరాభరణంలో రి-మ-ధ-స నుంచి ప-ని-రి-మ కు, అక్కడి నుంచి స-గ-ప-ని కి వెళ్లాలి. చెయ్యి మెడ మీద అటూ ఇటూ ఎగరనక్కర్లేదు. మధ్యమం ఉన్నచోటే ఉంటుంది. షడ్జం అర మెట్టు దిగి నిషాదం అవుతుంది. తర్వాత ఆ నిషాదం కదలదు, ఇందాకటి మధ్యమం అర మెట్టు దిగి గాంధారం అవుతుంది. జనరల్ బోగీలో ఒకరు లేస్తే పక్కవాళ్లు కొద్దిగా సర్దుకుని కూర్చున్నట్టు. ఇది అర్థమైన రోజు సీ షిఫ్టు వారం కాదు. గట్టిగా పదిసార్లు వాయించుకున్నాను.

అసలు సంగతి ఒక ఆదివారం బయటపడింది. నాన్న భజన బృందంలో పాడేవారు. శాస్త్రం పెద్దగా చదువుకోలేదు, అంతా వినికిడి. శ్రుతి ఒకటి, అంటే గిటార్ భాషలో సి. ఆ రోజు కాఫీ తాగి, తనకు ఇష్టమైన ‘సామజవరగమన’ ఎత్తుకున్నారు. త్యాగరాజ కీర్తన, హిందోళం. నేను గిటార్ తీశాను. కోమలంగా వినిపించే గాంధారం కాబట్టి మైనర్ అనుకున్నాను. మూడో ఫ్రెట్ దగ్గర చూపుడు వేలు అడ్డంగా వేసి సి మైనర్ పట్టాను. పుస్తకం ప్రకారం నూటికి నూరు మార్కులు. పల్లవి రెండోసారి తిరగకముందే నాన్న ఆపేశారు.

‘ఏట్రా అది? నా పాటని పక్కకి తోసేస్తంది’ అన్నారు.

శ్రుతి చూశాను, సరిపోయింది. తాళం తప్పలేదు. మళ్లీ పాడించాను. మళ్లీ అదే చోట ఆగారు. మూడోసారి పాడలేదు. పేపరు తీసుకుని వరండాలోకి వెళ్లిపోయారు. గిటార్ పక్కన ఆయన మళ్లీ పాడటానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో మా మధ్య దీని గురించి మాట లేదు, కానీ గిటార్ చప్పుడైనప్పుడల్లా వరండా తలుపు దగ్గరగా వేసే అలవాటొకటి ఆయనకు వచ్చింది. అది సీ షిఫ్టు వారమైనా, కాకపోయినా.

తప్పేమిటో పుస్తకం చెప్పలేదు. చెప్పలేదు కూడా, హిందోళం సంగతి దానికేం తెలుసు? నేనే కాగితం మీద లెక్క వేశాను. ఆ సి మైనర్‌లో మోగేవి అయిదు తీగలు. మందం నుంచి సన్నానికి స, ప, స, గ, ప. అయిదింట్లో రెండు పంచమాలు. హిందోళంలో పంచమం లేదు. స, గ, మ, ధ, ని అంతే. ఆయన అడుగుపెట్టని ఇంటి తలుపును నేను ప్రతి దెబ్బకూ రెండుసార్లు తడుతున్నానన్నమాట.

తంబురాలో పంచమం ఉంటుంది కదా, కర్ణాటక కచేరీలో హిందోళానికి కూడా చాలామంది దాన్ని మార్చరు కదా అని నాలో నేను వాదించుకున్నాను. పక్క క్వార్టర్ బెంగాలీ పెద్దమనిషి సితార్ వాయించేవారు. హిందుస్తానీలో ఇదే స్వరాలతో ఉన్న మాల్కౌన్స్ పాడేటప్పుడు తాన్పురాలో పంచమం తీసేసి మధ్యమం పెట్టుకుంటారని ఆయన దగ్గర విన్నాను. అది ఒక జవాబు. రెండో జవాబు కోసం నేను నిజంగా వినాల్సి వచ్చింది. తంబురాలో పంచమం గోడలాంటిది, ఎప్పుడూ అక్కడే ఉంటుంది కాబట్టి చెవి దాన్ని పట్టించుకోదు. నా పంచమం తాళం మీద పడుతోంది. పైగా అది సన్నతీగ మీద, అన్నిటికంటే పైన ఉంది. నాలుగైదు స్వరాలు ఒకేసారి మోగినప్పుడు చెవి పైదాన్నే పాటగా పట్టుకుంటుంది. అంటే నాన్న గొంతు పక్కన నేను తోడు వాయించలేదు. ఇంకో పాట పాడాను, అదీ రాగంలో లేని స్వరంతో.

ఇంకొంచెం లెక్క వేస్తే ఇంకో ఇబ్బంది తేలింది. హిందోళం స్వరాలతో మూడు స్వరాల కార్డ్‌లు ఎన్ని కట్టవచ్చు? రెండే. మ-ధ-స ఒకటి, ధ-స-గ ఇంకొకటి. షడ్జం మీద, అంటే ఇంటి గుమ్మం మీద, అసలు కార్డే లేదు. మోహనంలో చూశాను. స-గ-ప, ధ-స-గ. అక్కడా రెండే. ఆశ్చర్యపోనక్కర్లేదు, గ్రహభేదం చేస్తే ఇది అదవుతుంది. డెబ్భై రెండు మేళకర్తలూ, లెక్కలేనన్ని జన్యాలూ ఉన్న సంగీతంలో చాలా రాగాలు ఇలా కార్డ్‌కు లొంగవు. పైగా గిటార్ ఫ్రెట్ మీది మేజర్ గాంధారం, తంబురాలోంచి పుట్టిన గాంధారం కంటే సుమారు 14 సెంట్లు ఎక్కువ. అర మెట్టును వంద భాగాలు చేస్తే పధ్నాలుగు. చిన్నదే, కానీ శ్రుతి మరిగిన చెవికి ముల్లు. ఇక గమకం ఊగుతుంటే దాని కింద కదలని మూడు స్వరాలు పెట్టడం ఉయ్యాలకు మేకు కొట్టడమే. దీక్షితార్ హార్మనీని అక్కడే వదిలేయడం ఎంపిక అన్నది అందుకే.

ఇళయరాజా మాటేమిటని అడుగుతారు. అడగాలి కూడా. రాగాన్ని చెడగొట్టకుండా దాని కింద కార్డ్‌లు నడిపించవచ్చని దక్షిణాదికంతటికీ వినిపించినవారిలో ఆయన ముందుంటారు. ఆయన పుస్తకాలతో కుస్తీ పట్టలేదని కాదు, కానీ మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ ఉన్నారు. లండన్ ట్రినిటీ కాలేజీ క్లాసికల్ గిటార్ పరీక్షలో బంగారు పతకం ఆ తర్వాతి మాట. కలకత్తాలో ఉన్నవాళ్లకు కార్ల్‌టన్ కిట్టో ఉన్నారు. పార్క్ స్ట్రీట్ రెస్టారెంట్లలో జాజ్ వాయించి, ఆ రోజులు పోయాక కూడా 2016లో చనిపోయేదాకా పిల్లలకు కార్డ్‌లు నేర్పిన మనిషి. జంషెడ్‌పూర్ నుంచి ఆయన ఊరు ఒక్క పగటి రైలు దూరం. నాకు ఆయన పేరు తెలిసింది చాలా ఆలస్యంగా. ‘చుట్టమల్లే’ (2024) పాటతో తెలుగువాళ్లకు దగ్గరైన శిల్పా రావు మా ఊళ్లో పుట్టిన తెలుగమ్మాయే. ‘జవాన్’లోని ‘చలేయా’ పాటకు 2025లో జాతీయ అవార్డు ప్రకటించారు. ఆమె తొలి పాఠాలు తండ్రి దగ్గరే. గురువు ఇంట్లోనే ఉంటే పని ఎంత సులువో అనిపించింది మొదట. తర్వాత అనుమానం వచ్చింది. నా గురువు కూడా ఇంట్లోనే ఉన్నాడు. వరండాలో, పేపరు వెనక.

ఇప్పుడు కుర్రాళ్లకు జిరాక్స్ కోసం రైలెక్కే పనిలేదు. ఏ పాటకైనా కార్డ్‌లు ఫోన్‌లో దొరుకుతాయి. ఆ మధ్య జంషెడ్‌పూర్ వెళ్తే బంధువుల అబ్బాయి ఒకడు హిందోళం ఛాయలో ఉన్న సినిమా పాట వాయించి వినిపించాడు. సి మైనర్, అదే ఆకారం, అవే రెండు పంచమాలు. నలభై ఏళ్లయినా ఆ తప్పు చెక్కుచెదరలేదు. వీడియోలో చెయ్యి ఎలా పెట్టాలో కనిపిస్తుంది, ఎందుకు పెట్టాలో సాధారణంగా ఉండదు. పుస్తకంలోనూ ఉండదు, కానీ పుస్తకం మనిషిని కూర్చోబెట్టి లెక్క వేయిస్తుంది. ఆ మేరకు నేను ఇప్పటికీ చుక్కల పక్షమే.

అసలు నా తప్పుకు మందు కూడా ఆ చుక్కల్లోనే దొరికింది. నాలుగు స్వరాల కార్డ్‌లో ఏదో ఒకటి వదిలేయాల్సి వస్తే మొదట పంచమాన్ని వదిలెయ్యి అని ఇలాంటి పుస్తకాలన్నీ చెబుతాయి. కార్డ్ స్వభావం గాంధారంలో, నిషాదంలో ఉంటుంది, పంచమం లేకపోయినా గుర్తుపట్టవచ్చు అని. వేళ్లు చాలనివాళ్లకోసం చెప్పిన చిట్కా అనుకుని ఏడాదిన్నరపాటు దాటేశాను. అయిదో తీగ మూడో ఫ్రెట్, నాలుగో తీగ మోగకుండా వేలితో అణచడం, మూడో తీగ మూడో ఫ్రెట్, రెండో తీగ నాలుగో ఫ్రెట్. స-ని-గ. మూడే తీగలు, మూడూ హిందోళంలోవే. సన్నతీగ జోలికి పోకూడదు. పల్లవి మధ్యమం మీద నిలిచేచోట మ-ధ-స కు జరగడం, అక్కడి నుంచి ధ-స-గ. ధైవతం, షడ్జం ఉన్నచోటే ఉండి మిగతాది సర్దుకుంటుంది.

ఆ ఆదివారం నాన్నను పాడమని అడగలేదు. లోపలి గదిలో కూర్చుని ఆ మూడు తీగల్ని మెల్లగా, తాళం మీద గట్టిగా పడకుండా వాయిస్తున్నాను. వరండా తలుపు తెరిచే ఉంది. కొంతసేపటికి అటునుంచి పల్లవి వినిపించింది. ఈసారి ఆగలేదు. అనుపల్లవి, చరణం, మళ్లీ పల్లవి. పాట అయ్యాక పేపరు మడిచిన చప్పుడు.

‘మోహనానికి కూడా ఉందేట్రా దాంట్లో?’ అని అడిగారు.

ఉందన్నాను. రెండే అని కూడా చెప్పాను.